మూడో రౌండులో పడవలసినవాడు

ముందే చెప్పేస్తున్నాను, నేను ఉన్నదున్నట్టు చెప్పే మనిషిని కాను. నా నోట్లో పడితే చీమ కూడా చెప్పులేసుకుని నడుస్తుంది. మా ఆవిడ సుజాత నాతో ఇరవై రెండేళ్ళు కాపురం చేసి ఒక సూత్రం కనిపెట్టింది. నేను చెప్పిన ఏ సంఖ్యనయినా నాలుగుతో భాగించాలి. తుఫాను అన్నానంటే చినుకులనుకోవాలి. నూట నాలుగు జ్వరం అన్నానంటే ముక్కు కారుతోందని. మీరూ ఆ సూత్రమే వాడుకోండి, నాకేం అభ్యంతరం లేదు. కాకపోతే పెంచి చెప్పడం వేరు, లేనిది చెప్పడం వేరు. పాదుకి కాసిన గుమ్మడికాయని ఏనుగంత చేస్తాను గానీ, పాదే లేనిచోట కాయించను. ఇప్పుడు రాయబోయేదాంట్లో మాత్రం ఒకచోట ఆ పని కూడా చేశాను. ఎక్కడ చేశానో చివర్లో చెబుతాను.

పోయిన నెల ఇల్లు మారాం. జర్మనీలోని ఈ లైప్‌జిగ్‌లో ఇల్లు మారడమంటే ముందు కెల్లర్ ఖాళీ చెయ్యాలి. భవనం కింద వాటాకొకటి చొప్పున ఉండే చీకటి కొట్టు అది. పారెయ్యడానికి మనసొప్పని ప్రతిదాన్నీ అక్కడ దాచుకుని, దాచుకున్న సంగతి మరిచిపోతాం. మా కొట్లో రెండు వందల ఖాళీ నెయ్యి సీసాలూ, చక్రం ఊడిన మూడు సూట్‌కేసులూ దాటుకుని వెళితే, వెనక గోడకి ఆనుకుని ఒక బాస్మతి బియ్యం సంచి కూర్చుని ఉంది. పాత బట్టలు కుక్కి, మూతి కుట్టేసి, మార్కరుతో కళ్ళూ మీసాలూ గీసిన సంచి. ఎత్తబోతే గుప్పుమని కర్పూరం, ఆముదం కలిసిన వాసన. సుజాత పైనుంచి "అది పారేసేదేనా?" అని అరిచింది. నేను మెట్టు మీద కూలబడ్డాను. ఆ వాసన ఈ దేశానిది కాదు. దాన్ని నేనే, కరోనా మొదటి ఏడాది, మా వీర్రాజు మామయ్య వాసన రావాలని ఆ సంచికి పట్టించాను.

ఆ వసంతంలో ఆఫీసువాళ్ళు నన్ను కుర్ట్స్‌ఆర్‌బైట్‌లో పెట్టారు. అంటే సగం రోజులే పని, మిగతా సగం ఇంట్లో కూర్చుని గోళ్ళు కొరుక్కోవడం. సుజాతకి మాత్రం పని రెట్టింపయింది. భోజనాల బల్ల మీద కంప్యూటరు పెట్టుకుని పొద్దస్తమానం మీటింగుల్లో ఉండేది. నేను వెనకనుంచి నడిస్తే తెరలో కనిపిస్తానని, తుమ్మితే వినిపిస్తానని నన్ను వంటింట్లోనూ పడకగదిలోనూ మార్చి మార్చి బంధించేది. "ఏదో ఒకటి చెయ్యండి, కానీ చప్పుడు కాకుండా చెయ్యండి" అని ఆజ్ఞ. సరిగ్గా అప్పుడే మా కింది వాటా లెమ్కె గారు, ఇక్కడివాళ్ళ పద్ధతిలో ఫ్రావ్ లెమ్కె, మెట్ల దగ్గర తలుపుకి ఒక కాగితం అంటించింది. భర్త పోయిన డెబ్భై ఎనిమిదేళ్ళ మనిషి, ఒక్కత్తే ఉంటుంది, ఎవరి సైకిలు ఎవరి చోట నిలబెట్టారో నిద్రలో కూడా చెప్పగలదు. ప్రతి శనివారం సాయంత్రం నాలుగింటికి భవనం వెనక పెరట్లో ఒక్కో ఇంటివాళ్ళు ఏదో ఒకటి ప్రదర్శించాలట, కుర్చీకీ కుర్చీకీ మీటరున్నర దూరమట. మొదటి వారం మూడో అంతస్తు ఆయన ట్రంపెట్ ఊదాడు. రెండో వారం ఒకావిడ పిట్టల కూతలు కూసింది. ఆరో వారం మా వంతు.

మెట్ల మీద, ఇద్దరం మాస్కుల్లో ఉండగా, ఫ్రావ్ లెమ్కె నన్ను పట్టుకుంది. "మీరు ఏం చేస్తారు? యోగా అయితే వద్దు, అందరికీ వచ్చు" అంది. నాకేమీ తోచక, "మీ చిన్నప్పుడు సంతల్లో ఏం చూసేవారు?" అని ఎదురు ప్రశ్న వేశాను. ఆవిడ కళ్ళు వెలిగాయి. డేరా ముందు చెక్క అరుగు మీద చొక్కా లేకుండా నిలబడిన బాక్సర్ల గురించి చెప్పింది. డోలు కొడుతూ ఒకడు జనాన్ని రెచ్చగొట్టేవాడట, ఎవడైనా దమ్మున్నవాడు పైకి రమ్మని. "మా దగ్గరా అంతే! మా మేనమామే ఆ బాక్సరు!" అనేశాను. నోరు జారడం నాకు కొత్త కాదు. ఆవిడ మాత్రం వదల్లేదు. "అయితే అదే చెయ్యండి. ఒక్కరే చెయ్యగలరా? ఇద్దరు కావాలిగా?" నేనే ఇద్దరినీ అవుతానన్నాను. ఆవిడ అప్పటి కరోనా నిబంధనల ప్రకారం అడగవలసిన ప్రశ్న అడిగింది. "ఆ ఇద్దరు బాక్సర్లూ ఒకే ఇంటివాళ్ళేనా?"

అవును, ఒకే ఇంటివాళ్ళే. బాధంతా అక్కడే ఉంది.

వీర్రాజు మామయ్య అమ్మకి ఒక్కగానొక్క తమ్ముడు. మా గోదావరి వైపు జాతరని తీర్థం అంటాం. తీర్థం నుంచి తీర్థానికి తిరిగే బాక్సింగ్ డేరాలో ఆయన 'బర్మా పులి'. బర్మా ఎటుందో ఆయనకి తెలియదు. డేరా యజమానికీ తెలియదు. రంగులరాట్నం పక్కన, మృత్యుకూపంలో మోటారుసైకిలు తిప్పేవాడి డేరాకి ఇవతల వీళ్ళ డేరా. మైకులో యజమాని గొంతు చించుకునేవాడు, 'ఇంతవరకు ఓడని బర్మా పులి! మూడు రౌండ్లు నిలబడినవాడికి స్టీలు బిందె బహుమానం!' ఆ బిందె పదకొండేళ్ళుగా అదే బిందె. దాన్ని రోజూ తోమి తళతళలాడించి బల్ల మీద పెట్టేవాళ్ళు, ఎవరూ గెలవరు కాబట్టి మళ్ళీ సంచిలో పెట్టుకుని పక్క ఊరికి తీసుకెళ్ళేవాళ్ళు. వానాకాలంలో తీర్థాలుండవు. ఆ మూడు నెలలూ మామయ్య మా ఇంట్లోనే.

ఆయన వస్తే ఇల్లు వాసన మారిపోయేది. ఆముదం వెచ్చచేసి, అందులో కర్పూరం నలిపి, మోచేతులకీ మెడకీ పట్టించుకుని వాకిట్లో కూర్చునేవాడు. అమ్మ పాత చీరలు నిలువునా చింపి పట్టీలు చేసి ఇచ్చేది, అవి పిడికిళ్ళకి చుట్టుకునేవాడు. సాయంత్రానికి అవి ఉతికి దండెం మీద ఆరేస్తే, నీలం అంచూ ఎర్ర అంచూ కలిసి ఇంట్లో పది పెళ్ళిళ్ళు జరుగుతున్నట్టుండేది. తెల్లారగట్ల నూతి చేంతాడు విప్పి దాంతో గెంతేవాడు, వెయ్యి గెంతులు. సరే, రెండు వందల యాభై. అమ్మ బిందె పట్టుకుని నిలబడి "ఒరేయ్ వీర్రాజూ, నీ గెంతులయ్యేదాకా మేం నీళ్ళు తాగొద్దా?" అని అరిచేది. "ఇదిగో అక్కా, ఇంకో పదే" అనేవాడు, ఆ పదీ అరగంట సాగేవి. ఇత్తడి గ్లాసులో గుడ్లు పగలగొట్టుకుని గటగటా తాగేవాడు. నలభై గుడ్లని నేను స్కూల్లో చెప్పేవాణ్ణి. ఒక్క గోళీ సోడా తప్ప ఇంకో పానీయం ముట్టేవాడు కాదు. మా తాత కల్లుపాక దగ్గరే ప్రాణం పోగొట్టుకున్నాడు. ఆ శవాన్ని మోసుకొచ్చిన రోజున అమ్మ తమ్ముడి చేత ప్రమాణం చేయించుకుంది. అప్పుడాయనకి పద్నాలుగేళ్ళు. ఆ ప్రమాణాన్ని ఆయన బాక్సింగ్ కంటే గట్టిగా పట్టుకున్నాడు.

అమ్మది ఇంకో షరతు కూడా ఉండేది. మేనమామ మేనల్లుడి మీద చెయ్యి చేసుకుంటే ముసలితనంలో చేతులు వణుకుతాయని మా వైపు గట్టి నమ్మకం. మామూలు మేనమామలకి ఇది పెద్ద నష్టం కాదు. చేతులే బతుకుతెరువైనవాడి సంగతి అలా కాదు. నా వీపు మీద దోమ వాలినా మామయ్య కొట్టేవాడు కాదు, ఊదేవాడు. నేను ఆయన గుడ్లు దొంగిలించి అమ్మేసి సినిమాకి పోయిన రోజున కూడా పళ్ళు పటపటా కొరికి, వెళ్ళి కొబ్బరిచెట్టుని నాలుగు గుద్దులు గుద్ది వచ్చాడు. ఆ చెట్టు ఆ ఏడు కాపు కాయలేదు. దీన్ని భాగించడానికి సంఖ్య లేదు కాబట్టి నమ్మెయ్యండి.

కాలేజీలో చేరాక నేను నాటకాలు వేశాను. నాకిచ్చేవన్నీ చచ్చే పాత్రలు. ఎందుకంటే పడటంలో నన్ను మించినవాడు జిల్లాలో లేడు. వెనక్కి పడతాను, పక్కకి పడతాను, మెట్ల మీంచి దొర్లుతూ పడతాను, పడ్డాక ఒక కాలు చివరిసారిగా ఎగరేస్తాను. ఒకసారి మామయ్య చూసి, "ఒరేయ్ అల్లుడూ, నీ చావు చూస్తుంటే ప్రాణం లేచొస్తోందిరా" అన్నాడు. డేరాకి అలాంటివాడు కావాలి. పైకి ఎవడూ రాకపోతే ఆట లేదు కదా. అందుకని గుంపులో తమ మనిషిని ఒకణ్ణి నిలబెడతారు. వాడు ఊరివాడిలా ఎగిరిపడి, పంచె ఎగ్గట్టి, బరిలోకి దూకి, మూడో రౌండులో దిమ్మతిరిగి పడిపోవాలి. అప్పుడు నిజంగా ఊరివాడికి రోషం వస్తుంది. అమ్మకి తెలియకుండా సెలవుల్లో నేను ఆ మనిషినయ్యాను. చేతులు వణికే గొడవ ఎలా అని నేనడిగితే మామయ్య అప్పటికే దారి ఆలోచించి పెట్టుకున్నాడు. "నా పిడికిలి నీ ఒంటికి వెంట్రుకవాసి దూరంలో ఆగిపోద్దిరా. మిగతా వెంట్రుకవాసీ నువ్వే పడాలి." అలా పద్నాలుగు తీర్థాల్లో పడ్డాను. ఒక్కసారి కూడా ఆయన చెయ్యి నన్ను తాకలేదు. జనం నన్ను చూసి విరగబడి నవ్వేవాళ్ళు.

పదిహేనోది నేను చదువుకునే ఊళ్ళోనే పడింది. మామయ్య వద్దన్నాడు. "మీ కాలేజీవోళ్ళుంటారు, నలుగుర్లో నవ్వులపాలైపోతావు. ఇవ్వాళ ఇంకోణ్ణి చూసుకుంటాం." నేను వినలేదు. నటుడికి తనవాళ్ళ ముందు ఆడాలని ఉండదా? సాయంత్రం మొదటి ఆటకి దూకాను. దూకానో లేదో వెనక బెంచీల్లోంచి మా క్లాసంతా లేచి, "మనోడ్రా! మనోడు!" అని అరవడం మొదలుపెట్టింది. పేరు పెట్టి అరిచారు. చప్పట్లకి డేరా గుడ్డ పైకి లేచింది. పద్నాలుగు ఊళ్ళలో నన్ను చూసి నవ్విన జనమే నాకు తెలుసు గానీ, నా పేరు అరిచిన జనం ఎలా ఉంటుందో అప్పటిదాకా తెలియదు. మొదటి రౌండు అయింది. రెండోది అయింది. మూడోది సగమయ్యాక మామయ్య నన్ను భుజాలకి అదుముకుని చెవిలో, "టైమైందిరా, పడు" అన్నాడు.

"పడను" అన్నాను.

"ఏంట్రా?"

"పడను మామయ్యా."

ఆయన వెనక్కి జరిగి నా మొహంలోకి చూశాడు. ఆ క్షణంలో ఆయన ఒక్క గుద్దు గుద్దితే చాలు, నేను నటించకుండానే పడేవాణ్ణి. ఓడనివాడనే పేరు నిలిచేది, ఉద్యోగం నిలిచేది. నేను కొట్టాను. మామూలుగా గాలికి కొట్టే దెబ్బ కాదు, నిజం దెబ్బ, దవడ మీద. తర్వాత ఇంకోటి. ఆయన రెండు చేతులూ నెమ్మదిగా కిందికి దించేశాడు. దించేసి, నేను మూడోది కొట్టకుండానే మోకాళ్ళ మీద కూర్చున్నాడు. నేను ఎన్నోసార్లు పడ్డాను గానీ అంత అందంగా ఎప్పుడూ పడలేదు. మావాళ్ళు నన్ను భుజాల మీద ఎత్తుకున్నారు. నెత్తిన బిందె పెట్టారు.

ఆ వారం బిందెతో ఇంటికి వెళితే అమ్మ గుమ్మంలోనే నిలేసింది. "ఇదెక్కడిదిరా?" అబద్ధం ఊరికే పుట్టదు, దానికి తొందర కావాలి. నాకు రెండు క్షణాల టైముంది. స్నేహితులు పందెం కాస్తే సరదాకి బరిలోకి ఎక్కానన్నాను. మరి మామయ్య? "మామయ్య... తాగి ఉన్నాడమ్మా. తూలి, తనే పడిపోయాడు."

అమ్మ బిందె తీసుకుని లోపలికి వెళ్ళింది. ఆ వానాకాలం మామయ్య వచ్చినప్పుడు వీధి తలుపు తియ్యలేదు. డేరావాడు అప్పటికే ఆయన్ని పంపించేశాడు, ఓడిపోయిన పులిని ఎవరు చూస్తారని. ఆయన కిటికీ దగ్గర నిలబడి, "అక్కా, తాగానని ఎవరు చెప్పారు?" అని అడిగాడు. "కళ్ళారా చూసినవాడు చెప్పాడు" అంది అమ్మ. నేను మంచం కింద ఉన్నాను. పంతొమ్మిదేళ్ళవాణ్ణి, మంచం కింద. ఆయన "అయితే నిజమే అయ్యుంటాదిలే" అని వెళ్ళిపోయాడు. కాదని చెప్పాలంటే నన్ను డేరాలో పెట్టుకున్న సంగతీ, నేను కొట్టిన సంగతీ చెప్పాలి. చెప్పలేదు. తర్వాత ఒక సినిమాహాలు సైకిలు స్టాండులో పనికి కుదిరాడు. నా పెళ్ళిలో మళ్ళీ రాకపోకలు మొదలయ్యాయి గానీ, ఏ శుభకార్యానికి ఆయన వచ్చినా అమ్మ పలకరించే వంకతో దగ్గరికెళ్ళి ఊపిరి వాసన చూసేది. ఆయనకి తెలుసు. దగ్గరికి రాగానే తనే నోరు కొంచెం తెరిచేవాడు.

లైప్‌జిగ్‌లో నాటకం మొదలుపెట్టినప్పుడు నా దగ్గరున్నది ఈ కథ. నేను రాసుకున్నది ఇది కాదు. నేను రాసుకున్నదాంట్లో మూడో రౌండులో పులి తాగి తూలుతుంది. తాగుబోతు నడక ఎక్కడైనా నవ్విస్తుంది, దానికి భాష అక్కర్లేదు. ఇక మిగిలిన చిక్కల్లా ఒంటరిగా బాక్సింగ్ ఎలా ఆడాలన్నదే. బియ్యం సంచిని మామయ్యని చేసి గుమ్మానికి వేలాడదీశాను. ఆముదం, కర్పూరం పట్టించాను. సంచి నన్ను కొట్టదు కాబట్టి ఆట చప్పగా ఉంది. అప్పుడు సుజాత మీటింగుకీ మీటింగుకీ మధ్య వచ్చి చూసి, "రెండు చేతులున్నాయి కదా, ఒకటి ఆయనా ఒకటి మీరూ అవ్వండి" అంది. నాటకం మొత్తం ఆ ఒక్క మాటతో నిలబడింది. కుడి పిడికిలికి నీలం అంచు పట్టీ, అది మామయ్య. ఎడమది ఉత్తది, అది నేను. కుడి చెయ్యి ఎప్పుడూ నా ఒంటికి వెంట్రుకవాసి దూరంలో ఆగిపోవాలి. రోజూ ఆరు గంటలు అద్దం ముందు నాతో నేను పోట్లాడుకున్నాను. మధ్యాహ్నం ఒకటి నుంచి మూడు వరకు, ఇక్కడ ఎవరూ చప్పుడు చెయ్యకూడని వేళలో, గెంతితే ఫ్రావ్ లెమ్కె చీపురు కర్రతో కిందనుంచి పైకప్పు పొడిచేది. అది నాకు రౌండు గంటలా పనికొచ్చింది.

అదే సమయంలో అక్కడ మా ఊళ్ళో ఒక విచిత్రం జరిగింది. మామయ్య ఏదో పెళ్ళిపిలుపు చెప్పడానికి ఒక్క పూటకని అమ్మ దగ్గరికొచ్చాడు. అదే రోజు లాక్‌డౌన్ పెట్టేశారు. బస్సుల్లేవు. ఆయన కూతురుండే వీధికి అడ్డంగా కర్రలు కట్టేశారు. ముప్ఫై ఏళ్ళుగా ఆ గడపలో నిద్ర చెయ్యని మనిషి అక్కతో పాటు రెండు నెలలు చిక్కుకుపోయాడు. నేను రోజూ వీడియో కాల్ చేసేవాణ్ణి. ఆయనకి అప్పటికే చేతులు వణుకుతున్నాయి. గ్లాసు పట్టుకుంటే టీ సగం లుంగీ మీదే.

"చూశావురా, తాగుడు ఎంత పని చేస్తుందో" అనేది అమ్మ, ఆయన పక్కనే కూర్చుని.

"తాగుడు కాదక్కా, మేనల్లుణ్ణి కొట్టాను కదా, అందుకు" అని నవ్వేవాడాయన.

"నువ్వెప్పుడు కొట్టావురా వాణ్ణి?"

"కల్లో కొట్టానులే."

నాటకం సంగతి చెబితే ఆయనకి పండగైపోయింది. ఫోన్లోనే పాఠాలు. "గడ్డం దించు! పావురంలా అలా చూస్తావేంట్రా ఆకాశంలోకి? మడమ ఎత్తు. ఆఁ, అద్గదీ." తాగిన నడక చేసి చూపిస్తే అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వి, "అచ్చం వీడేరా!" అంది. మామయ్య నవ్వలేదు. శ్రద్ధగా చూసి, "అంత ఊగకురా అల్లుడూ. తాగినోడు ఊగడు. ఊగకుండా నడవాలని సూత్తాడు. మీ తాతని గుర్తు తెచ్చుకో" అన్నాడు. జన్మలో చుక్క ముట్టని మనిషి, తన తాగుడు ఎలా నటించాలో నాకు నేర్పించాడు. ఆ రాత్రి సుజాతకి మొత్తం చెప్పేశాను. ఆవిడ భాగహారాలేం చెయ్యలేదు. "వాళ్ళిద్దరూ ఒకే ఫోను ముందు కూర్చుని చూస్తారు. ఇంతకంటే మంచి అవకాశం మీకు రాదు" అంది, అంతే. మూడో రౌండు మార్చేశాను. తాగుడు తీసేశాను. మామయ్య చేతులు దించేసే చోట నేను నిలబడి రెండు మాటలు చెప్పాలి. మామయ్య తాగలేదు, నేనే పడలేదు, అని.

శనివారం వచ్చింది. పెరట్లో పదకొండు కుర్చీలు, మీటరున్నర కొలిచి సుద్దముక్కతో గీతలు. సైకిళ్ళ షెడ్డు ముందు నా బరి, బట్టలారేసే తాళ్ళే దానికి హద్దు. సుజాత ఫోను పట్టుకుని ముందు వరసలో కూర్చుంది. ఫోన్లో అమ్మ, పక్కన మామయ్య. అక్కడ ఏడున్నర, ట్యూబ్‌లైటు వెలుతురు. ఆట తెలుగులోనే, కాకపోతే ఒక్కో రౌండు అవగానే పెరట్లోవాళ్ళ కోసం నాకొచ్చిన జర్మన్‌లో నాలుగు ముక్కలు. మొదటి రౌండుకే ట్రంపెట్ ఆయన ఈల వేశాడు. రెండో రౌండులో నా ఎడమ చెయ్యి నా కుడి చెవిని కొట్టిన తీరుకి ఫ్రావ్ లెమ్కె మాస్కు కిందికి లాగి మరీ నవ్వింది. మూడో రౌండు. కుడి పిడికిలి నా చెవి దగ్గరికొచ్చి, "పడరా" అంది. ఎడమ చెయ్యి కొట్టింది, నా దవడ మీదే, నిజంగానే. కుడి చెయ్యి నెమ్మదిగా దిగిపోయింది. నేను ఫోను వైపు తిరిగి, అమ్మ కళ్ళలోకి చూసి, ఆ రెండు మాటలూ చెప్పాను.

చెప్పాను గానీ అప్పటికే బొమ్మ ఆగిపోయింది. ఈ దేశంవాళ్ళు విమానాలకి రెక్కలు చేస్తారు, గడియారాల్లో సెకన్లు కోస్తారు, పెరట్లోకి మాత్రం ఇంటర్నెట్ తీసుకురాలేరు. అమ్మ నోరు సగం తెరుచుకుని, మామయ్య చెయ్యి గాల్లో లేచి, ఇద్దరూ ఫోటోలా నిలిచిపోయారు. మళ్ళీ కదిలేసరికి పెరట్లో చప్పట్లు కొడుతున్నారు. "ఏరా, అయిపోయిందా? చివర్లో ఏమన్నావు?" అంది అమ్మ. "అయిపోయిందమ్మా" అన్నాను. మామయ్య, "మూడోదాంట్లో మళ్ళీ గడ్డం ఎత్తావురా" అన్నాడు.

మరుసటి వేసవిలో ఆయన పోయాడు. కరోనా ఆయన్ని ఆస్పత్రి దాకా కూడా పోనివ్వలేదు. అమ్మని వెళ్ళనివ్వలేదు. నాకు విమానం లేదు. నలుగురు మోయవలసిన మనిషిని ఎవరో ముక్కూ మొహం కనిపించని ఇద్దరు తీసుకెళ్ళారట. ఇప్పుడు మా ఊరి తీర్థంలో డేరాలు లేవని, గాలి నింపిన ప్లాస్టిక్ కోటల మీద పిల్లలు గెంతుతున్నారని అంటారు. ఎంత ఎత్తునుంచి పడినా దెబ్బ తగలదట. మా రోజుల్లో పడాలంటే నేర్చుకోవాలి, పడేవాణ్ణి పట్టుకునే మనిషి ఎదురుగా ఉండాలి. అప్పుడు వానాకాలం మొత్తం ఒక మనిషి వాసనతో గడిచేది. ఇక్కడ ఆ వాసన నాకు కావలసొస్తే లైప్‌జిగ్‌లో ఇండియన్ కొట్టుకెళ్ళి కర్పూరం బిళ్ళలు కొని బియ్యం సంచికి రాయాల్సొచ్చింది. పోగొట్టుకున్నదాన్ని సంచిలో కుక్కి గుద్దులు గుద్దడం కూడా ఒక కళే అనుకుని నేను చప్పట్లు కొట్టించుకున్నాను.

ఇంక మాట ప్రకారం చెప్పాలి. గుడ్లు నలభై కాదు, ఆరు. తీర్థాలు పద్నాలుగు కాదు, నాలుగు. నెయ్యి సీసాలు మీరే లెక్కపెట్టుకోండి. ఇవన్నీ పెంచినవి. పూర్తిగా కల్పించింది ఒకటే. ఆ సాయంత్రం ఇంటర్నెట్ ఆగలేదు.

బొమ్మ అద్దంలా ఉంది. మామయ్య వేళ్ళు ఒక్కొక్కటీ విడిగా వణకడం కనిపించేంత స్పష్టంగా ఉంది. నేను ఫోను వైపు తిరిగాను, అమ్మ మొహం చూశాను. ఆ మొహంలో అప్పటిదాకా నవ్వుతున్న నవ్వు ఇంకా ఆరలేదు. నేను ఆ రెండు మాటలూ చెప్పాను, జర్మన్‌లో. నోరు తనంతట తనే తిరిగిందని చెప్పుకోవచ్చు. తిప్పింది నేనే. పెరట్లో పదకొండు మందికీ నేను చేసింది అర్థమైంది. ఎవరికి అర్థం కావాలో ఆ ఇద్దరికీ కాలేదు. "చివర్లో ఏమన్నావురా?" అని అమ్మ అడిగిన మాట నిజం. "వచ్చినందుకు అందరికీ థాంక్స్ చెప్పానమ్మా" అన్నాను. మామయ్య నన్నే చూస్తూ ఉండి, అప్పుడు గడ్డం సంగతి ఎత్తాడు. సుజాత ఫోను ఆపేసి పైకి వెళ్ళిపోయింది. అందరూ వెళ్ళాక ఫ్రావ్ లెమ్కె తన కుర్చీ మడుస్తూ అడిగింది, "మీ అమ్మగారికి జర్మన్ వచ్చా?"

"రాదు" అన్నాను.

"అనుకున్నాను" అని, కుర్చీ చంకలో పెట్టుకుని వెళ్ళిపోయింది.

ఆ తర్వాత మామయ్య ఇంకో పది నెలలు బతికాడు. అన్ని రోజుల్లోనూ తెలుగు నా నోట్లోనే ఉంది.

అమ్మకి నిరుడు కంటి ఆపరేషన్ అయింది. నేను రాసేవన్నీ పట్టుబట్టి తనే చదువుతోంది. అమ్మా, ఇది నీకర్థమయ్యే భాషలో రాస్తున్నాను. నీ తమ్ముడు ఆ రోజు తాగలేదు. ఏ రోజూ తాగలేదు. ఆయన్ని కొట్టింది నేను, తాగాడని నీకు చెప్పింది నేను, ఆయన కిటికీ దగ్గర నిలబడి అడుగుతున్నప్పుడు మంచం కింద దాక్కున్నదీ నేనే. ఆదివారం ఎప్పటిలాగే ఫోన్ చేస్తాను. ఎత్తాలో వద్దో నీ ఇష్టం.